క్రికెట్టు నారుమడి

మదీనాగూడలో బొంబాయి రహదారికి ఇరుప్రక్కల అంతస్తులపై అంతస్తులుగా లేచిన భవనముల నడుమ ఇంకను ఇల్లు కట్టని జాగా యెక్కడైన మిగిలియున్నచో, దానిచుట్టు వలలు బిగించి, నేలపై కృత్రిమపు పచ్చిక పరచి, గంటకింతయని అద్దెకిచ్చు బాక్స్ క్రికెట్ టర్ఫులు ఇటీవల విరివిగా వెలసినవి. రాత్రి పదిగంటలు దాటినను వానిలో దీపములారవు. హైటెక్ సిటీ కొలువులు ముగించుకొని వచ్చినవారు అచ్చట చెమటోడ్చి ఆడి, నవ్వుకొనుచు ఇండ్లకు పోవుదురు. వారి ఆట వారి సంతోషమునకు. కాని తెల్లవారుజామున అదే రహదారిమీద, తమ యెత్తుతో ఇంచుమించు సరితూగు కిట్ బ్యాగులను మోపులవలె వీపున మోయుచు, తండ్రుల స్కూటర్ల వెనుక కూర్చుండి లింగంపల్లి వైపునకు పోవు పదేండ్ల, పండ్రెండేండ్ల బాలురను బాలికలను చూచినప్పుడు నా మనస్సు వేరొక విధమున చలించును. ఆ బిడ్డల ఆట వెనుక ఒక నిరీక్షణ కలదు. ఆ నిరీక్షణను తూచి, ఈ బిడ్డ చేతిలో ఆట యున్నది, ఆ బిడ్డకు చదువే మేలు, అని చెప్పవలసిన మనుష్యుడొకడు ఏదో మైదానపు టంచున నిలుచుండి యుండును. ఆ తూకము వేయు ఆచారమునకు మన భాగ్యనగరమున దాదాపు నూరేండ్ల చరిత్ర కలదు. దానిని వ్రాసియుంచినవారు అరుదు.

అమెరికా దేశమున బేస్‌బాల్ ఆటకు ఈ తూకమొక శాస్త్రమే యైనది. సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టును నడిపిన బ్రాంచ్ రికీ యనునాతడు 1920వ దశకమున, ఎదిగిన ఆటగాండ్రను ధనమిచ్చి కొనుటకు ఇతర జట్లతో పోటీపడజాలక, చిన్న పట్టణముల జట్లను తమకు అనుబంధముగ చేర్చుకొని, వానియందు పడుచువాండ్రను పెంచి మెట్టుమెట్టుగ పైకి తెచ్చు పద్ధతిని స్థిరపరచెను. ఆ జట్లను వారు తమ భాషలో సేద్యపు భూములనియే వ్యవహరింతురు. ఊరూర తిరిగి కుర్రవాండ్రను పరిశీలించు స్కౌట్లు, బంతి విసరు బలమునకు వేరుగ, బ్యాటు నైపుణ్యమునకు వేరుగ, పరుగుల వడికి వేరుగ 20 మొదలు 80 వరకు అంకెలు వేయుదురు. 50 వచ్చినవాడు పెద్దజట్టులో సగటు ఆటగాడగునని వారి లెక్క. నారుమడి చూచి ఈ యేటి పంట యెట్లుండునో మన రైతు చెప్పునట్లు, వారు ఈ అంకెలు చూచి జట్టు యొక్క ఐదేండ్ల తరువాతి బలాబలములను నిర్ణయింతురు. మన హైదరాబాదు రంజీ జట్టునకు అట్టి ఏకఖండమైన సేద్యపు భూమి యెన్నడును లేదు. ఇచ్చటి నారుమడి చేతులు మారుచు వచ్చినది: ఒక తరమున నవాబు చేత, ఒక తరమున బడి చేత, మరియొక తరమున బ్యాంకు చేత, నేడు ఏ ఆధారమును లేని ఒంటరి శిక్షకుని చేత. చేయి మారినప్పుడెల్ల నారును చూచు కన్నును మారినది.

పాయిగా వంశీయుడైన నవాబు మొయినుద్దౌలా బహద్దరు 1930-31లో తన పేర బంగారు కప్పు నొకదానిని నెలకొల్పి, దేశమందలి మేటి ఆటగాండ్రను సికిందరాబాదునకు రప్పించెను. విజయనగరపు మహారాజకుమారుడు, లోకమునకు విజ్జీయని తెలిసినవాడు, ఫ్రీబూటర్స్ అను తన జట్టుతో వచ్చెను. 1934లో వెస్టిండీసు దీవులనుండి లియరీ కాన్‌స్టంటైన్ వచ్చి ఆ జట్టు పక్షమున ఆడెను. నవాబుల దృష్టి వైభవముమీదనేగాని పిల్లల పెంపకముమీద లేదని కొందరందురు. నే నంగీకరింపను. దేశములోని ఉత్తములందరు ఏటేట ఒక ఊరికి వచ్చి ఆడుచుండగా, ఆ ఊరి కుర్రవాడు గోడమీద కూర్చుండి చూచినదియే వానికి మొదటి పాఠము. తనను తాను ఎవరితో పోల్చుకొనవలెనో వానికి తెలియును. ఆ కప్పు మొదలైన ఏడేండ్లకే, 1937-38లో, హైదరాబాదు రంజీ ట్రోఫీని గెలిచెను. నవానగరుతో జరిగిన తుదిపోటీలో మొదటి ఇన్నింగ్సున 113 పరుగులకే కూలి, చివరకు 310 పరుగులు చేయవలసి వచ్చినప్పుడు ఎడల్జీ ఐబారా యను పార్సీ ఆటగాడు 137 పరుగులతో అజేయుడుగ నిలిచి, ఒక్క వికెట్టు మాత్రమే మిగిలియుండగా జట్టును ఒడ్డున చేర్చెను. మరల ఆ ట్రోఫీ ఈ నగరమునకు వచ్చుటకు 49 ఏండ్లు పట్టినది.

ఆ బంగారు కప్పు 1960వ దశకమున మరియొక రూపము దాల్చినది. నవాబుల జట్ల స్థానమున కంపెనీల జట్లు వచ్చినవి. నగరమందలి వజీర్ సుల్తాన్ పొగాకు కంపెనీ కోల్ట్స్ పేర, అనగా కోడెవయస్కుల పేర, ఒక జట్టును నిలుపగా, 1966-67లో ఆ జట్టులోనే పదిహేడేండ్ల బొంబాయి కుర్రవాడొకడు తన ప్రథమశ్రేణి జీవితమునకు శ్రీకారము చుట్టెను. అతడు సునీల్ గవాస్కర్. టెస్టులలో పదివేల పరుగుల మైలురాయిని మొట్టమొదట దాటిన చేతికి మొదటి పరీక్ష పెట్టినది మన ఊరి కప్పు అని తలచుకొన్నప్పుడు నాకు కలుగు గర్వమును దాచుకొనజాలను.

పిమ్మట బడుల కాలము, దానివెంట ఉద్యోగముల కాలము. సికిందరాబాదువాడైన ఎం.ఎల్. జయసింహ 1954-55లో, ఇంకను పదిహేనేండ్ల బాలుడైయుండగానే, రంజీలో ఆంధ్ర జట్టుపై ఆడుటకు ఎంపికయి మొదటి ఆటలోనే 90 పరుగులు చేసెను. మీసము మొలవని బాలుని చేతికి పెద్దల జట్టులో స్థానమిచ్చుటకు ఎంపిక చేయువారికి ఎంతటి గుండె దిటవు కావలెను! ఆ మరుసటి యేడు, 1955 నవంబరులో, ఫతే మైదానమున హైదరాబాదు మొదటి టెస్టు జరుగగా, మన ఆఫ్ స్పిన్నరు గులాం అహ్మదు భారత జట్టునకు నాయకత్వము వహించెను. పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేసి, భారతీయుడు టెస్టులో సాధించిన మొదటి ద్విశతకమును ఈ నేలమీదనే వ్రాసెను. 1971లో వెస్టిండీసుపై భారతదేశము మొదటిసారి విజయము సాధించిన పర్యటనలో జయసింహ, ఆబిద్ అలీ, కృష్ణమూర్తి, జయంతీలాల్, గోవిందరాజ్ అను ఐదుగురు హైదరాబాదు జట్టువారు. భారత జట్టు నాయకుడుగ నుండిన పటౌడీ నవాబు, రంజీలో మాత్రము జయసింహ నాయకత్వము క్రింద హైదరాబాదు పక్షమున ఆడెను.

ఇంతటి పంట ఎట్లు పండినది? ఆల్ సెయింట్స్ వంటి బడులలో సాయంకాలపు మైదానము, నిజాం కాలేజి వంటి విద్యాలయములలో ఆటగానికి దొరకు సీటు, ఆపై లీగు ఆటలాడు కుర్రవానికి ఇరువదియేండ్లకే కొలువిచ్చు స్టేట్ బ్యాంకు ఆఫ్ హైదరాబాదు, ఆంధ్రా బ్యాంకు, దక్షిణ మధ్య రైల్వే వంటి సంస్థలు: ఈ మూడును ఒక కాలువకు మూడు తూములు. మా మదీనాగూడకు పొరుగుననే రామచంద్రపురమున బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారము 1960వ దశకమున వెలసినప్పుడు, దాని టౌన్‌షిప్పుతోపాటు మైదానములును, ఉద్యోగుల జట్లును వచ్చినవి. కొలువు దొరకిన కుర్రవాడు ముప్పదియేండ్లు దాటువరకు నిశ్చింతగ లీగులో ఆడును; అట్టివానికెదురుగ పదునారేండ్లవాడు నిలిచినప్పుడు, వాని లోపములన్నియు ఒక్క మధ్యాహ్నములో బయటపడును. ఎంపిక సంఘమువారు చూడవలసిన దాంట్లో సగము ఆ పాతకాపులే చూచి చెప్పుచుండిరి. చాప పరచిన పిచ్‌మీద, అనగా మ్యాటింగ్ మీద, బంతి ఎగసి తిరుగునప్పుడు మణికట్టు మెత్తగ పనిచేయుట నేర్చినవాడే నిలువగలుగును. అజహరుద్దీన్ మణికట్టును చూచి లోకము అబ్బురపడెను. 1984-85లో తన మొదటి మూడు టెస్టులలో వరుసగ మూడు శతకములు చేసిన ఆ చేతిని, అంతకుముందే ఈ ఊరి లీగు మైదానముల పెద్దలు ఎరుగుదురు.

1986-87లో ఎం.వి. నరసింహారావు నాయకత్వమున ఢిల్లీపై మొదటి ఇన్నింగ్సు ఆధిక్యముతో రంజీ ట్రోఫీ మరల మనకు దక్కినది. ఆ సంవత్సరముననే అబ్దుల్ అజీమ్ తమిళనాడుపై 303 పరుగులతో అజేయుడుగ నిలిచెను. అది ఉద్యోగపు లీగు తన పూర్ణఫలము నిచ్చిన యేడు.

ఇచ్చట ఒక సంగతి విడమరచి చెప్పవలసియున్నది. నారును మొదటి ఆకును బట్టి తూచుట ఎంత ప్రమాదకరమో ఈ ఊరి పద్దులే సాక్ష్యమిచ్చును. జయసింహ మొదటి ఆటలో 90 చేసెనంటిని. కాని 1992-93లో పంజాబుపై రంజీ క్వార్టర్ ఫైనలులో మొదటిసారిగ దిగిన ఒక పద్దెనిమిదేండ్ల యువకుడు మొదటి ఇన్నింగ్సున సున్నకును, రెండవదానిలో 17కును వెనుదిరిగెను. తల్లిదండ్రులిద్దరు వైద్యులు, కుమారుడును వైద్యవిద్యలో చేరదగినంత చదువరి, ఆ రెండంకెలను మాత్రమే చూచినవాడెవడైన వానిని మందుల చీటీలు వ్రాసికొనుమని సాగనంపియుండును. ఆ యువకుడే వి.వి.ఎస్. లక్ష్మణ్. 1999-2000 రంజీలో అతడు ఎనిమిది శతకములతో 1415 పరుగులు చేసి, జట్టును తుదిపోటీవరకు మోసెను. ఆ మరుసటి సంవత్సరము ఈడెన్ తోటలో ఆస్ట్రేలియాపై 281 పరుగులు చేసెను. సున్నను క్షమించి అతనికి మరల బ్యాటు నిచ్చిన ఆ పేరులేని ఎంపికదారులకు నేను నమస్కరించుచున్నాను.

దీనికి ఎదురుగ అంబటి రాయుడు కథ నిలుచును. 2002 నవంబరులో, పదిహేడేండ్ల వయస్సున, ఆంధ్ర జట్టుపై ఒకే ఆటలో 210 పరుగులును, అజేయముగ 159 పరుగులును చేసిన ఆ బాలుని చూచినవారెవ్వరును అతని భవిష్యత్తును శంకింపలేదు. 2004లో అండర్ 19 ప్రపంచకప్పున అతడే భారత జట్టు నాయకుడు. అమెరికా స్కౌట్లయినచో పట్టికలో 80 అంకె వేసి కలము మూసియుందురు. అయినను హైదరాబాదును విడుచుట, మరల వచ్చుట, బోర్డు గుర్తింపు లేని ఐ.సి.ఎల్.లో చేరుట, అందుండి తిరిగివచ్చుట అను పలు మలుపులు గడచి, భారత జట్టు టోపీ అతని తలకెక్కునప్పటికి 2013 వచ్చినది, వయస్సు ఇరువదియేడు నిండినది. అతని చేతిలో లోపము లేదు. పదిహేడవ యేటికిని ఇరువదియేడవ యేటికిని మధ్య ఒక బాలుని చుట్టు ఎవరు నిలుచుందురన్నది ఏ అంకెల పట్టికలోను ఇమడదు. కన్వల్‌జీత్ సింగ్ వంటి ఆఫ్ స్పిన్నరు ప్రథమశ్రేణిలో మూడువందలకు పైగా వికెట్లు తీసియు ఒక్క టెస్టైన ఆడకయే విరమించెను. తూకము సరిగనే వేసినను సంతలో కొనువారు లేని యెడల ధాన్యము కొట్టులోనే యుండును.

అంకెల బరువును గూర్చి ఇంకొక్క మాట. 1994 జనవరిలో సికిందరాబాదున ఆంధ్ర జట్టుపై వైద్యుడు ఎం.వి. శ్రీధర్ 366 పరుగులు చేయగా, హైదరాబాదు ఆరు వికెట్లకు 944 పరుగులు చేసి రంజీ చరిత్రలోనే అత్యధికమైన మొత్తమును నెలకొల్పెను. సరిగ్గ ముప్పదియేండ్లకు, 2024 జనవరిలో, తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ ప్రదేశ్ జట్టుపై 147 బంతులలో త్రిశతకము ముగించి, ప్రథమశ్రేణి క్రికెట్టులో అంతకన్న వేగముగ ఎవ్వరును చేయలేదనిపించుకొని, చివరకు ఖచ్చితముగ ఆ 366 వద్దనే ఆగెను. ఒకే అంకె; కాని రెండవది ప్లేట్ వర్గమున, అనగా రంజీలోని క్రిందితరగతిలో, క్రొత్తగ ఆట నేర్చుకొనుచున్న రాష్ట్రముపై చేసినది. తన్మయుని ప్రతిభను నేను తక్కువ చేయుట లేదు. 26 సిక్సర్లు ఏ బౌలరుపై కొట్టినను చేతికి సత్తువ కావలెను. అయితే హైదరాబాదు ఆ క్రిందితరగతిలో నుండుటకు కారణమేమి? 2022-23లో ఎలైట్ వర్గమున అట్టడుగున నిలిచి దిగజారుటయే. తిలక్ వర్మ నాయకత్వమున 2024 ఫిబ్రవరిలో మేఘాలయపై ప్లేట్ ఫైనలును గెలిచి జట్టు మరల పైకెక్కినది.

ఆ దిగజారుటకు మూలము ఒక్క యేటిది కాదు. కొలువుల తూము సన్నగిలినది. స్టేట్ బ్యాంకు ఆఫ్ హైదరాబాదు 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంకులో లీనమైనది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసినది. ఆటగాడను కారణముచేత కుర్రవానికి గుమాస్తా కొలువిచ్చి, మధ్యాహ్నము మైదానమునకు పంపు దయామయమైన కార్యాలయములు నేడు ఎన్ని మిగిలినవి? హైదరాబాదు క్రికెట్టు సంఘపు వ్యవహారములు న్యాయస్థానముల మెట్లెక్కినవి. 2023లో సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావును వానిని చక్కబెట్టుటకు నియమించవలసి వచ్చినది. పెద్దలు పత్రములపై పోరాడు సంవత్సరములలో అండర్ 16 వయస్సు దాటిపోయిన బాలునికి ఆ వయస్సు తిరిగి రాదు. ఇక ఐ.పి.ఎల్. జట్టున్నది కదా యందురేని, 2009లో కప్పు గెలిచిన దక్కన్ చార్జర్స్ గాని, 2016లో గెలిచిన సన్‌రైజర్స్ గాని ఈ ఊరి పేరు మోసినవేగాని, ఈ ఊరి నారుపై ప్రధానముగ ఆధారపడినవి కావు. వేలముపాట పైరును కొనును, మడిని దున్నదు.

అట్లైనను మడి బీడుపడలేదు. దానిని నిలిపినవారు ఒంటరి శిక్షకులు. సికిందరాబాదున సెయింట్ జాన్స్ శిక్షణాలయమున అన్నకు తోడుగ వచ్చి, గట్టున కూర్చుండి, విసుగుపుట్టి బ్యాటు పట్టిన ఒక బాలికను జ్యోతి ప్రసాద్ కనిపెట్టి, సంపత్ కుమార్ వద్దకు పంపెను. ఆడపిల్లల క్రికెట్టునకు జీతమును, టి.వి.యును, చప్పట్లును లేని రోజులవి. సంపత్ కుమార్ 1997లో రోడ్డు ప్రమాదమున మరణించెను. ఆ బాలిక మిథాలీ రాజ్ 1999 జూన్‌లో, పదునారేండ్ల వయస్సున, ఐర్లండుపై తన మొదటి వన్డేలోనే 114 పరుగులు చేసి అజేయురాలుగ నిలిచినది. ఆ ఇన్నింగ్సును చూచుటకు గురువు లేకపోయెను. ఈ సంగతిని తలచినప్పుడెల్ల నా కన్నులు చెమర్చును. భద్రాచలమునుండి కుమార్తె ఆటకొరకే తండ్రి కుటుంబమును హైదరాబాదునకు తరలింపగా పెరిగిన గొంగడి త్రిష, 2025లో మలేషియాలో జరిగిన మహిళల అండర్ 19 ప్రపంచకప్పులో 309 పరుగులు చేసి, టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి యైనది. ఆ కప్పు చరిత్రలో మొదటి శతకమును ఆమెదే.

మహమ్మద్ సిరాజ్ ఆటో నడుపువాని కుమారుడు, గల్లీలలో టెన్నిస్ బంతితో ఆడి పెరిగినవాడు. ఐ.పి.ఎల్. నెట్స్‌లో బంతులు వేయుచుండగా అతనిని చూచి గుర్తుంచుకొన్న భరత్ అరుణ్, తాను హైదరాబాదు జట్టునకు కోచిగ వచ్చినప్పుడు వెదకి పిలిపించెను. 2016-17 రంజీలో సిరాజ్ 41 వికెట్లు తీసెను. ఒక సాయంకాలపు చూపు అంతటి పని చేసినది.

తిలక్ వర్మ కథ మా ప్రాంతమునది. పాతబస్తీ వైపున బార్కాస్ మైదానమున టెన్నిస్ బంతితో ఆడుచున్న పదునొకండేండ్ల బాలుని సలాం బయాష్ అను శిక్షకుడు చూచెను. తండ్రి ఎలక్ట్రీషియన్, అకాడమీ ఖర్చు ఆ యింటికి మోయరాని బరువు. శిక్షకుడు పని చేయునది లింగంపల్లిలోని లెగాలా అకాడమీలో. బాలుని యింటికిని దానికిని ఇంచుమించు 40 కిలోమీటర్లు. బయాష్ ప్రతి వేకువను వెళ్ళి, ఆ బాలుని తన బండిపై నెక్కించుకొని నగరము నీకొననుండి ఆకొనకు తెచ్చి, మరల దింపి వచ్చుచుండెను. బాలుడు వెనుక కూర్చుండి కునికిపాట్లు పడుచుండెనట. పిమ్మట కుటుంబమే అకాడమీకి దగ్గరగ మారినది. 2025 సెప్టెంబరు 28న దుబాయిలో ఆసియాకప్ తుదిపోటీలో పాకిస్తానుపై 69 పరుగులతో అజేయుడుగ నిలిచి భారతదేశమును గెలిపించిన ఆ యువకుడు మా రహదారిమీదుగనే పెరిగినాడని ఇచ్చటి పిల్లలందరికి తెలియును. నా దృష్టిలో ఈ చరిత్ర సారమంతయు ఆ బండి ప్రయాణములోనే యున్నది. ఒక బిడ్డలో ఆట యున్నదని చెప్పుట వేరు, ఆ మాటకు తన వేకువలను, పెట్రోలును, మోకాళ్ళను పూచీ పెట్టుట వేరు. నవాబు బంగారము పూచీ పెట్టెను, బ్యాంకు కొలువు పూచీ పెట్టెను, బయాష్ తన నిద్రను పూచీ పెట్టెను. పూచీ లేని తూకము తూకమే కాదని నేను నమ్మెదను.

ఇక రాబోవు కాలము మాట. హైదరాబాదు జట్టు ఎలైట్ వర్గమున నిలుచునా యని నన్నడిగినచో, బ్యాటింగునందు నాకు బెంగ లేదు. కాని తిలక్, సిరాజ్ వంటివారు దేశపు జట్టు పిలుపులతోను ఐ.పి.ఎల్.తోను రంజీకి అందుట అరుదు. కావున జట్టు బలము వారి వెనుక నిలుచు మూడవ, నాల్గవ వరుసపై ఆధారపడియున్నది, ఆ వరుసయే పలుచన. గులాం అహ్మదు మొదలు, 35 టెస్టులలో 102 వికెట్లు తీసిన శివలాల్ యాదవ్, అర్షద్ అయూబ్ వరకు సాగిన ఆఫ్ స్పిన్ పరంపర తెగియున్నది. అయూబ్ తరువాత మన ఊరి ఆఫ్ స్పిన్నరెవ్వడును టెస్టు జట్టులో స్థిరపడలేదు. ఎడమచేతి స్పిన్‌లో మాత్రము వెంకటపతి రాజు, ప్రజ్ఞాన్ ఓఝా వేసిన దారిలో తనయ్ త్యాగరాజన్ నడచుచున్నాడు. పడమటి శివార్లలో అకాడమీలు హెచ్చినవి, పిల్లలు హెచ్చినారు, తల్లిదండ్రుల చేతిలో డబ్బును హెచ్చినది. మూడుదినముల ఆటకు చాలిన మైదానములు మాత్రము భవనములక్రింద పోవుచున్నవి. వలలోపల నలువది బంతులాడిన బాలుని చేతిని చూడవచ్చును, ఓర్పును చూడజాలము. ఐదేండ్ల తరువాత ఈ జట్టు తన పూర్వస్థానమునకు చేరునని నేను చెప్పజాలను. అట్టడుగునకు మరల పోదనియు చెప్పజాలను. లీగులో పాతకాపులను నిలుపు కొలువులు తిరిగి రానిది ఆ లెక్క తేలదు.

మొన్న ఒక ఆదివారము చందానగరుకు ఆవల, ఇంకను ఇండ్లు కాని ఒక మైదానమున నిలుచుంటిని. ఎనిమిది గంటలకే ఎండ తీక్షణమైనది. వలలోనున్న పదునొకండేండ్ల బాలుని చూచుచు వాని తల్లి శిక్షకుని సమీపించి అడిగినది: "సార్, మావాడికి ఆట ఉందా లేదా, ఒక్క మాట చెప్పండి. చదువు సంగతి చూసుకోవాలి కదా."

అరువదికి చేరువైన ఆ శిక్షకుడు వలవైపు నుండి చూపు త్రిప్పకయే పలికెను: "చేతులు మంచివమ్మా. బంతి లోపలికి తిరిగినప్పుడు కాలు ఎటు పోతుందో నాకింకా తెలీలేదు. ఇంకో రెండు సీజన్లు చూడనివ్వండి. ఫీజు సంగతి తర్వాత మాట్లాడదాం."

ఆమె తల యూపి వేపచెట్టు క్రింది బెంచీమీద కూర్చుండినది. శిక్షకుడు వంగి ఒక బంతిని చేతికి తీసికొని, దాని కుట్టును వ్రేళ్ళతో తడవి చూచుకొని, తానే స్వయముగ బౌలింగు వేయుటకు అడుగులు లెక్కపెట్టుకొనుచు వెనుకకు నడచెను.